జాలి, జాలీ

మా ఇబ్రహీంపట్నంలో కిటికీలకీ కోళ్లగూళ్లకీ కొట్టే ఇనుప వలని జాలీ అంటారు. రాసేటప్పుడు ఒక దీర్ఘం తప్ప జాలికీ జాలీకీ తేడా లేదు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఆలోచించాల్సిన అవసరం ఈ మధ్య ఒక ఫొటోల ఆల్బం నా చేతికొచ్చినప్పుడు కలిగింది.

ఆ ఫొటోలు తీసింది నా దగ్గర డిగ్రీ చదువుకున్న అమ్మాయి. పేరు రాయొద్దని కోరింది కాబట్టి రాయడం లేదు. చదువయ్యాక ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కుని, సెలవు దొరికినప్పుడల్లా సాగర్ రోడ్డు మీద బస్సెక్కి, ఎల్బీనగర్‌లో ఇంకో బస్సు మారి, బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కుకి వెళ్లేది. అలా కొన్నేళ్ల పాటు తీసిన వాటిలోంచి అరవై దాకా ఏరి, పుస్తకంగా వేసుకుంటాను, ముందుమాట రాయండి మేడం అని తెచ్చింది. ప్రతి ఫొటో కింద ఒక వాక్యం ఉంది. 'ఈమెకి పిలిస్తే నచ్చదు.' 'ఈయన పొద్దున అలుగుతడు, మధ్యాహ్నానికి మర్చిపోతడు.' 'దీనికి అందరూ కావాలె, ఎవరూ దగ్గరికి రావద్దు.' జాతి పేర్లు, శాస్త్రీయ నామాలు ఎక్కడా లేవు. ఒక్కో జంతువునీ దాని స్వభావంతో గుర్తుపట్టి, ఇరుగుపొరుగు వాళ్ల గురించి చెప్పినట్టు చెప్పింది.

చూస్తున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. మూసేశాక మాత్రం ఏదో వెలితి అనిపించింది. మళ్లీ మొదటినుంచి చూశాను. అరవై ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ జాలీ లేదు.

జాలీని ఫొటోలోంచి మాయం చెయ్యడానికి ఒక పద్ధతి ఉందని ఆమే నాకు చెప్పింది. లెన్సుని జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అపర్చర్ పూర్తిగా తెరవాలి. జంతువు జాలీకి దూరంగా, లోపలివైపు ఉండే క్షణం కోసం ఆగాలి. జాలీ మీద ఎండ పడకుండా చూసుకోవాలి. అప్పుడు దగ్గరున్న ఇనుప తీగలు పొగలాగా కరిగిపోయి, వెనకున్న ముఖం ఒక్కటే స్పష్టంగా వస్తుంది. అద్దం అడ్డమైతే నల్లగుడ్డ కప్పుకుంటే సరి. ఇందులో మోసమేమీ లేదు, ప్రపంచంలో ఫొటోగ్రాఫర్లందరూ చేసే పనే. కానీ జాలీ మాయమైంది ఫొటోలోంచే గాని ఆ జంతువు బతుకులోంచి కాదు కదా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె నవ్వి, "మీరే కదా మేడం చెప్పింది" అంది.

నిజమే. మొదట్లో తీసిన పది ప్రింట్లు స్టాఫ్‌రూముకి తెచ్చి చూపించింది. వాటిలో ప్రతి ముఖానికీ అడ్డంగా గీతలున్నాయి. "బాగున్నాయి గాని ఈ జాలీ లేకుండా తియ్యలేవా, ముఖం కనపడట్లేదు" అన్నది నేనే. స్త్రీల చుట్టూ ఉన్న గోడల్ని పాతికేళ్లుగా పాఠాల్లో చెప్తున్నదాన్ని, ఒక ఆడపిల్ల గోడని ఉన్నదున్నట్టు తీసుకొచ్చి చూపిస్తే అది అందానికి అడ్డమన్నాను. అందుకని ఈ వ్యాసం ఆమె ఫొటోల మీద విమర్శ ఎంతో, నా చూపు మీద విమర్శ కూడా అంతే.

*

గోడని ఫ్రేములోకి రానివ్వకపోవడం మన హైదరాబాదు ఫొటోగ్రఫీకి కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో నగరంలో ఒక జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య నడిచిన స్టూడియో అది. దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ చూసుకునేది. బయటి మగవాళ్ల కళ్ల పడకుండా ఆడవాళ్లు ఫొటో దిగడానికి వీలు కల్పించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అక్కడ కెమెరా ముందు కూర్చున్న స్త్రీకి తన ముఖాన్ని తాను బొమ్మగా చూసుకునే అవకాశం వచ్చింది. కానీ ఆ స్టూడియో ఉండటానికి కారణమైన గోడ మాత్రం, ఏ స్టూడియో ఫొటోలోనైనా అంతే, బొమ్మలోకి రాదు. మనకి కనిపించేది భంగిమ, నగలు, ముఖంలోని గాంభీర్యం. వాటిని చూసి ఆ మనిషి 'స్వభావం' ఊహించుకుంటాం.

అదే దీన్‌దయాళ్ 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వేటకొచ్చినప్పుడు చంపిన పులితో ఆ దంపతుల ఫొటో తీశాడు. కర్జన్, పక్కన లేడీ కర్జన్, వాళ్ల కాళ్ల దగ్గర పులి. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ పులికి స్వభావం అక్కర్లేదు, కొలత చాలు. ఫొటో చెప్పేది దాన్ని చంపినవాడి గురించే. కెమెరాకీ తుపాకీకీ ఉన్న చుట్టరికం గురించి సుసాన్ సాంటాగ్ 1977లో రాసిన మాటలు మనలో చాలామంది చదివే ఉంటారు. ఇంగ్లీషులో ఫొటో తీయడానికీ తుపాకీ పేల్చడానికీ ఒకే క్రియ వాడతారన్నది కూడా తెలిసిందే.

వేటగాడి చూపు తర్వాత ప్రేక్షకుడి చూపు వచ్చింది. దానికి తగ్గ కట్టడాన్ని జర్మనీ జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ తయారుచేశాడు. 1907లో హాంబర్గ్ దగ్గర అతను తెరిచిన జూలో చువ్వలు తీసేసి, జంతువు దూకలేనంత కందకం తవ్వి, చూసేవాళ్లకి అది కనపడకుండా అమర్చాడు. సింహం స్వేచ్ఛగా ఉన్నట్టు ఉంటుంది, కానీ ఉండదు. 1963లో జనానికి తెరిచిన మన నెహ్రూ జూలో కూడా పెద్ద జంతువుల్లో చాలావాటికి ఇలాంటి కందకాలే. అంటే మా అమ్మాయి జాలీని మాయం చెయ్యకముందే జూ ఆ పని చేసింది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ హాగెన్‌బెక్కే 1870లలో సామీ వంటి జాతుల మనుషుల్ని కుటుంబాలతో సహా తెచ్చి యూరపులో టికెట్టు పెట్టి చూపించాడు. ఎదుటి ప్రాణిని 'దాని సహజ స్థితిలో' చూడాలన్న కోరిక ఎవరి మీద ఎంత దూరం పోగలదో ఈ ఒక్క మనిషి చరిత్ర చెప్తుంది.

ప్రేక్షకుడి చూపుని ఎండగట్టిన మగవాళ్లు ఉన్నారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గారీ వినోగ్రాండ్ తన పిల్లల్ని న్యూయార్కు జూకి తీసుకెళ్తూ తీసిన ఫొటోలు 1969లో 'ది ఆనిమల్స్' అనే పుస్తకంగా వచ్చాయి. జంతువుకన్నా దాన్ని చూస్తున్న మనుషులే వింతగా కనిపిస్తారు అందులో. జాన్ బెర్జర్ జంతువుల్ని మనం ఎందుకు చూస్తామని అడుగుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, జూలో మనకీ జంతువుకీ మధ్య నిజమైన చూపుల కలయిక అసాధ్యమంటాడు. జూలో జంతువు చూపు మనమీద ఆగదు, పక్కనుంచి జారిపోతుందంటాడు. గొప్ప వ్యాసమే. కానీ ఇప్పుడు మళ్లీ చదివితే ఒక లోటు కనిపించింది. అందులో జంతువులున్నాయి గాని, ఫలానా జంతువు లేదు. ఒక్కదాన్నే పదేపదే వచ్చి చూసినవాళ్లకి ఏం తెలుస్తుందో ఆ వ్యాసానికి పట్టలేదు. రోజూ తిండి పెట్టి, నేల కడిగే మనుషులు అందులో దాదాపు లేరు. టికెట్టు కొనుక్కుని ఒక్కసారి వచ్చి వెళ్లే ప్రేక్షకుడి నిరాశ అది.

మా అమ్మాయి ఆ ప్రేక్షకురాలు కాదు. అందుకే ఆమె ఆపేక్షని తేలిగ్గా తీసేయలేను.

*

ఆపేక్ష అనగానే సెంటిమెంటు అని కొట్టిపారేయడం మనకి బాగా తెలిసిన ఎత్తు. 1960లో గోంబే అడవిలో చింపాంజీల మధ్య పని మొదలుపెట్టిన జేన్ గూడాల్ వాటికి పేర్లు పెట్టింది. తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటుకి చేరితే, పేర్లు కాదు అంకెలు ఇవ్వాలన్నారు. జంతువుకి వ్యక్తిత్వం, ఉద్వేగం ఉంటాయని రాయడం శాస్త్రం కాదన్నారు. ఆమె ఒప్పుకోలేదు. 2025 అక్టోబరులో ఆమె చనిపోయేనాటికి, జంతువుల్లో వ్యక్తిగత స్వభావం అన్నది పరిశోధకులు మామూలుగా చర్చించే విషయమైపోయింది. ఆడవాళ్ల మెత్తదనమని నవ్విన పద్ధతే నిశితమైన పరిశీలన అని తేలింది. ఒక ప్రాణిని దాని జాతికి నమూనాగా కాక దానిగా చూడటం చిన్న సంగతి కాదు. 'ఆడవాళ్లంతా ఇంతే' అన్న మాట కింద బతికినవాళ్లకి ఆ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు.

అంకె ఏం చేస్తుందో మా ఊరికి తెలుసు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మంది స్త్రీలకి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఆ వారమంతా పేపర్లలో, మాటల్లో '34లో నలుగురు' అన్న లెక్కే నడిచింది. స్త్రీలని జంతువులతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు, ఆ పోలికతో మనల్ని అవమానించినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్తున్నది చూపు గురించి. ఒకరి తర్వాత ఒకరిగా వరసలో పడుకోబెట్టే చూపుకి ఎదురుగా ఉన్నదెవరో అక్కర్లేదు. అలాంటి చూపున్న లోకంలో 'ఈమెకి పిలిస్తే నచ్చదు' అని గమనించగలిగిన చూపు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

కానీ పేరు పెట్టడంతోనే పని అయిపోతుందా? మన జూ చరిత్రే జవాబు చెప్తుంది. 2000 అక్టోబరులో అక్కడ ఒక ఆడపులిని దాని బోనులోనే చంపి చర్మం ఒలిచారు. ఆ పులి పేరు సఖి. ఇంతకన్నా ఆపేక్ష నిండిన పేరు తెలుగులో దొరకదు. ఆ పేరు దాన్ని కాపాడలేదు. బాగ్-ఎ-ఆమ్ నుంచి 1963లో ఈ జూకి వచ్చిన ఏనుగు పేరు రాణి. బోనాలకీ మొహర్రానికీ ఊరేగింపుల్లో నడిచి, 2021 జూన్‌లో 83 ఏళ్ల వయసులో చనిపోయింది. నగరంలో రెండు మతాలవాళ్లూ దాన్ని ప్రేమించారు. రాణి అని పిలుస్తూనే పని చేయించుకున్నారు. అదే ఏడాది నవంబరులో 35 ఏళ్ల చింపాంజీ సూజీ పోయినప్పుడు ఎంతోమంది సొంతమనిషి పోయినట్టు బాధపడ్డారు. మా అమ్మాయి ఆల్బంలో సూజీ ఫొటో కింద వాక్యం లేదు. రాయలేకపోయానంది.

ఇంట్లో మహారాణి, బంగారుతల్లి అనిపించుకుంటూ గడప దాటని స్త్రీలు మనకి కొత్త కాదు. పేరు ప్రేమకి గుర్తు కావచ్చు, హక్కుకి గుర్తు కాదు. స్వభావాన్ని మెచ్చుకోవడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 'మా అమ్మకి ఓపికెక్కువ' అంటాం. ఆ ఓపిక ఆమె గుణమా, వేరే దారి లేక అలవాటైన భంగిమా అని అడగం. బోనులో ఒకే చోట అటూ ఇటూ తిరిగే జంతువుని చూసి చిలిపిది అనడం, అస్తమానం మూల కూర్చునేదాన్ని సిగ్గరి అనడం కూడా అంతే. గదిని చూపించకుండా గుణాన్ని చూపిస్తే, గది చేసిన పని గుణం ఖాతాలో పడుతుంది. జాలీ లేని ఫొటోతో నాకున్న పేచీ ఇదే.

*

ఈ వాదన అంతా ఆమెకి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమె మాటల్ని వీలైనంత ఆమె భాషలోనే రాస్తున్నాను.

"ఎప్పుడు చూసినా బోను చూపిస్తే జనం బోనునే చూస్తరు మేడం. అయ్యో పాపం అని పోతరు. దానికి కోపముంటది, ఇష్టముంటది, దోస్తులుంటరు. అవి ఎవలు చూడాలె? మీరు చెప్పిన కథల్ల గూడ అంతే. ఆడమనిషి అంటే ఏడ్సుడే. మా అమ్మ రోజూ ఏడ్వది. మస్తు జోకులేస్తది."

నా దగ్గర వెంటనే జవాబు లేదు. మన కథల్లో పీడన ఉంది గాని మనిషి లేదన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని మగ విమర్శకులు అన్నప్పుడు ఎదురు వాదించాం. ఒక కూలీతల్లి కూతురు అంటే ఎలా వాదించాలి? బాధితురాలిగా మాత్రమే చూపించడం కూడా ఒక ఫ్రేమే. దాని జాలీ జాలితో అల్లింది. జర్మనీలో పుట్టిన ఫొటోగ్రాఫర్ బ్రిటా యాషిన్‌స్కీ 1996లో తెచ్చిన 'జూ' పుస్తకంలోని నలుపు తెలుపు బొమ్మలు మనసుని కలచివేస్తాయి. కానీ వాటిని చూశాక నాకు మిగిలింది దిగులే గాని, వాటిలో ఏ జంతువుతోనూ పరిచయం కలగలేదు. మా అమ్మాయి ఫొటోల్లో పరిచయం ఉంది, చోటు లేదు. రెండూ ఒకచోట ఉండటం సాధ్యమేనా?

ఆమె జూకే ఎందుకు వెళ్లింది అన్నది కూడా ఇక్కడ చెప్పాలి. ఆమెకి అడవికి వెళ్లాలని ఉండేది. అడవి ఫొటోగ్రఫీ అంటే జీపు, రాత్రి బస, లక్షలు ఖరీదు చేసే లెన్సు. ఇవన్నీ ఉన్నా ఆడపిల్ల తెల్లవారుజామున అడవిలో ఉంటానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. జూ అంటే ఒప్పుకున్నారు. "గేటుంటది, టైముకి మూస్తరు" అన్నాడట వాళ్ల నాన్న. జంతువుకి కంచె అయినదే ఆమెకి అనుమతి అయ్యింది. భద్రత అన్న మాట ఇద్దరికీ ఒకే అర్థంలో వాడారు. ఒకే బోను ముందు గంటలకొద్దీ నిలబడటం ఆమె ఎంచుకున్న శైలి కాదు, ఆమెకి దక్కిన చోటు అదే. అక్కడినుంచే ఆ పరిచయం పుట్టింది. ఇది తెలిశాక ఆ ఫొటోలు నాకు వేరేగా కనపడటం మొదలైంది.

*

ఆపేక్షనీ చోటునీ కలిపి చూపించిన మనిషి కోసం వెతికితే నాకు మొదట గుర్తొచ్చింది ఫొటోగ్రాఫర్ కాదు, మన సూరి నాగమ్మగారు. బాల్యంలోనే వితంతువైన ఆమె తిరువణ్ణామలై చేరి, 1945 నుంచి 1950 దాకా అన్నగారికి రాసిన ఉత్తరాలే 'శ్రీ రమణాశ్రమ లేఖలు'. వాటిని భక్తి సాహిత్యమని పక్కన పెట్టాం గాని, జంతువుల గురించి తెలుగులో ఒక స్త్రీ రాసిన ఇంత శ్రద్ధగల వచనం అరుదు. ఆవు లక్ష్మి, నెమళ్లు, కోతులు, ఉడతలు అందులో పాత్రలు. 1948లో లక్ష్మి చనిపోయినప్పటి ఉత్తరం చదవండి. ఆ ఆవు ఎలాంటిదో తెలుస్తుంది, దాని చుట్టూ ఎవరున్నారో కూడా తెలుస్తుంది. ఎవరి లోకంలో, ఎవరి దయ మీద ఆ ప్రాణి బతికిందో దాచకుండానే ఆపేక్ష చూపించవచ్చని ఆ ఉత్తరాలు చెప్తాయి. ఆమె దగ్గర కెమెరా లేదు, ఫ్రేములోంచి తీసేయాల్సిన అవసరమూ రాలేదు.

ఫొటోల్లో అలాంటిది కెనడాకి చెందిన జో-ఆన్ మెకార్థర్ దగ్గర కనిపిస్తుంది. జూ జంతువుల మీద ఆమె 2017లో తెచ్చిన 'క్యాప్టివ్' పుస్తకంలో చువ్వలూ అద్దాలూ చూసేవాళ్లూ అందరూ ఉంటారు. ఆమె తీసినవాటిలో బాగా పేరొచ్చిన ఫొటో మాత్రం వేరే. కామెరూన్‌లో కాపాడిన పికిన్ అనే గొరిల్లాని ఒక ఆవరణ నుంచి ఇంకో ఆవరణకి కారులో తీసుకెళ్తుంటే, అది తన సంరక్షకుడు అపొలినేర్ చేతుల్లో ఒదిగి ఉంటుంది. 2018లో ప్రజల ఓటుతో బహుమతి వచ్చిన ఫొటో అది. అందులో గొరిల్లాకి పేరుంది, ఆ మనిషికి పేరుంది. ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తున్నారో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆపేక్ష ఫొటో తీసినామె మనసులో దాక్కుని లేదు, రోజూ పని చేసే చేతుల్లో కనపడుతోంది.

మా అమ్మాయి ఆల్బంలో జాలీతో పాటు మాయమైనది ఆ చేతులే. 'పొద్దున అలుగుతడు, మధ్యాహ్నానికి మర్చిపోతడు' అన్న సంగతి నీకెలా తెలుసని అడిగాను. ఆ బోను దగ్గర పని చేసే ఆయన చెప్పాడంది. 'ఈమెకి పిలిస్తే నచ్చదు' అన్నది అక్కడ ఊడ్చే అమ్మ చెప్పిందట. ఈ ఆల్బంలోని స్వభావాలు సగానికి సగం వాళ్ల జ్ఞానం. తిండి పెట్టి, పేడ ఎత్తి, రోగమొస్తే రాత్రిళ్లు కూర్చున్నవాళ్లు సంపాదించిన జ్ఞానం. ఆ చాకిరీ ఎవరిదో లెక్కలోకి రాకపోవడం మనకి తెలియనిదా? వంటని మెచ్చుకుని వండిన చేతిని మర్చిపోయే ఇళ్లలోంచే కదా మనం వచ్చాం.

*

ముందుమాట ఇంకా రాయలేదు. ఏం రాయాలో మాత్రం తెలుసు. ఈ ఫొటోల్లోని ఆపేక్ష నిజమైనదని రాస్తాను. అది శాస్త్రానికి తక్కువ కాదని, జాలికన్నా ఎక్కువని రాస్తాను. ఈ ముఖాలకి అడ్డంగా ఒక జాలీ ఉందని, అది లేకుండా తియ్యమన్నది నేనేనని కూడా రాస్తాను.

పాత ప్రింట్లు పదీ ఉన్నాయా అని అడిగాను. వాళ్లమ్మ బియ్యం డబ్బా మీద కవర్లో పెట్టి దాచిందట. వాటిని ఆల్బంలో చేర్చమని నేను చెప్పలేదు. ఒకసారి చెప్పి చూశాను కదా, ఈసారి నిర్ణయం ఆమెది. మొన్న ఫోన్ చేసి, ఊడ్చే అమ్మని ఫొటో తీస్తానంటే ఆమె ఒప్పుకుందని, కానీ చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, చెట్టు కింద నిలబడతానందని చెప్పింది.

"చీపురుతోనే దిగమంటనా మేడం, ఆమె అన్నట్టే తియ్యాల్నా?"

నాకు తెలియదన్నాను. ఆమెనే అడగమన్నాను.